నలభై మూడు కాళ్ల చిప్పుకి పీట

వానాకాలం, 6వ రోజు

రోజువారీ పని రాసే ఈ లాగ్ పుస్తకాన్ని తనిఖీ అధికారి చదువుతాడని తెలుసు. చదవాలనే రాస్తున్నాను.

నా పేరు గొర్లె సూరీడమ్మ. మెట్టగూడ వర్క్‌షాపులో ఇరవై ఆరేళ్లుగా సర్క్యూట్ బోర్డులు గీసి, రాగి చెక్కి, అతుకులు వేస్తున్నాను. ఈ పొద్దున ఆసుపత్రి నర్సు జెమ్మిలి చిలకమ్మ ఒక ఊపిరిపెట్టెను వీపుకి కట్టుకుని వానలో తడుస్తూ కొండెక్కి వచ్చింది. పెట్టెకి మాత్రం గోనెపట్టా చుట్టింది. అది పొడిగానే ఉంది.

"అప్పా, ఇది కూడా పడిపోనాది," అంది. అక్కని మావైపు అప్ప అంటారు.

పలుగురాయి గనిలో పనిచేసి, రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో గట్టిపడినవాళ్లకి గాలిని వడకట్టి ప్రాణవాయువు పట్టే పెట్టె ఇది. ఆసుపత్రిలో ఇలాంటివి నాలుగు. ఒకటి ఎండాకాలంలోనే ఆగింది. ఇప్పుడు రెండోది. మిగిలిన రెండింటి మీద ఆరుగురు వంతులవారీగా ఊపిరి పీలుస్తున్నారు.

మూత విప్పి చూశాను. కవాటాలు తెరిచి మూసే చిప్పు నిలువునా చిట్లింది. ఎండాకాలంలో ఆగిన పెట్టెదీ అదే జబ్బు. ఆ రకం చిప్పులు ఇప్పుడు లోకంలో ఎక్కడా లేవు. అయితే సముద్రంలో మునిగిపోయిన ఊళ్ల గోదాముల్లోంచి నిరుడు ఈతగాళ్లు తెచ్చిన సరుకులో, సీలు విప్పని ఒక పొట్లం నా బీరువాలో ఉంది. విప్పి చూస్తే అందులో అయిదు చిప్పులు. అదే పని చేసేవే. ఏ కాలు ఏ పనికో వరసగా రాసిన కాగితం కూడా లోపల ఉంది. పొట్లం పైనున్న కంపెనీ పేరు, చిప్పు సంఖ్య మాత్రం ఉప్పు తినేసింది, అవి ఇంకెక్కడా రాసి లేవు.

ఇక కావలసింది పీట. చిప్పు బోర్డు మీద కూర్చోవాలంటే దాని కాళ్లు ఆనే చోటల్లా రాగి మచ్చ ఉండాలి. ఎక్కడ, ఎంత వెడల్పు, ఎంత ఎడం అనేది వెంట్రుక వాసి తేడా లేకుండా తెలియాలి. ఆ పటాన్ని పుస్తకాల్లో ఫుట్‌ప్రింట్ అంటారు, మా వర్క్‌షాపుల్లో పీట అంటాం. పీట లేని చిప్పూ గులకరాయీ ఒకటే.

నా దగ్గర నాలుగు వందల పీటల పటాలున్నాయి. ఒక్కటీ దీనికి సరిపోలేదు. దీని కాళ్లు పక్కలకి రావు, పొట్ట కింద దాక్కుని ఉన్నాయి. ఎడమన పద్నాలుగు, కుడిన పద్నాలుగు, ఒక చివర పది, రెండో చివర వెడల్పువి నాలుగు. నడిమధ్యన వేడి దించుకోవడానికి వడ్రంగి మూలమట్టం ఆకారంలో ఒక పెద్ద మచ్చ. అన్నీ కలిపితే నలభై మూడు. ఇలాంటి చిప్పుని నేనెప్పుడూ చూడలేదు.

వెర్నియర్ స్కేలు పెట్టి నేనే కొలవచ్చు. కానీ పీటల పటాలన్నీ తన దగ్గర దాచి, అడిగినవాళ్లకి ముద్రలేసి ఇచ్చే పటాల భాండాగారం అనుమతి లేకుండా చిప్పు కాళ్లు కొలవడం నేరం. చిప్పు నా అరచేతిలో ఉంది. దాన్ని పగలగొట్టవచ్చు, పారేయవచ్చు, ఉంగరంలో పొదిగించుకుని పెళ్లికి వెళ్లవచ్చు. అది ఎలా నిలబడుతుందో మాత్రం అడగకూడదట. అది వాళ్ల సొత్తట.

దరఖాస్తు రాసి, చిప్పు ఫొటోలు జతచేసి, కొండల మధ్య తీగల మీద నడిచే తాడుబండిలో కిందికి, భాండాగారానికి పంపాను.

వానాకాలం, 11వ రోజు

జవాబు వచ్చింది. "చిప్పు సంఖ్య తెలపని దరఖాస్తులు పరిశీలింపబడవు."

సంఖ్యను ఉప్పు తినేసిందని మొదటి వాక్యంలోనే రాశాను. మళ్లీ రాశాను. ఈసారి ఆ వాక్యం కింద గీత గీశాను. ఆరుగురు రోగుల పేర్లూ రాశాను. కొర్రా బుద్రి, యాభై నాలుగేళ్లు, గనిలో పంతొమ్మిదేళ్లు. వంతల సుకురు, నలభై ఎనిమిది, గనిలో ఇరవై రెండు. అలా ఆరుగురివీ.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాను. బుద్రి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి అందదు. పక్కమంచం మీద సుకురు ముక్కుకి గొట్టం పెట్టుకుని తన వంతు పీలుస్తున్నాడు.

"పెట్టి ఎప్పుడొత్తాదప్పా?" అంది బుద్రి. ఒక్కో మాటకీ మధ్య ఆగుతోంది.

"పటం రావాలి. రాగానే ఒక్క పూట పని."

"పటమంటే ఏటి?"

చెప్పాను. అంతా విని, కాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"చిప్పు నీకాడే ఉందంటన్నావు. మరి తిరగేసి సూసుకోరాదా?"

చట్టం ఒప్పుకోదని చెప్పడానికి నాకు సిగ్గేసింది. చెప్పాను. బుద్రి నవ్వబోయి దగ్గులో పడింది.

వానాకాలం, 16వ రోజు

రెండో జవాబు. "మీరు పేర్కొన్న ఆకారం మా సాధారణ జాబితాలో లేదు. అసాధారణ ఆకారాల విభాగానికి విడిగా దరఖాస్తు చేసుకోగలరు. ఆ విభాగపు దరఖాస్తు ఫారం ఆ విభాగంలోనే లభించును."

ఆ విభాగం ఎక్కడుందో రాయలేదు. తాడుబండి స్టేషన్ మాస్టరుకి తెలిస్తే అడిగి తెలుసుకున్నాను. మొదటి విభాగం ఉన్న భవనంలోనే, ఎదురు గదిలో ఉందట. నా కాగితాన్ని ఎదురు గదిలోకి పంపడానికి వాళ్లకి చేతులు రాలేదు. రెండు కొండలు దిగి, మళ్లీ ఎక్కి నా దగ్గరికి తిప్పి పంపడానికి మాత్రం వచ్చాయి.

చిలకమ్మ వంతులు మార్చింది. ఇంతకుముందు ఒక్కో వంతుకి మనిషికి నాలుగు గంటలు. ఇప్పుడు ఇద్దరికి నీరసం ఎక్కువైందని వాళ్లకి అయిదు, మిగతావాళ్లకి మూడున్నర. ఎవరి నుంచి అరగంట కోసిందో వాళ్ల ముఖాలు చూడలేక వంతుల చీటీని గోడకి అంటించి బయటికి వచ్చేసిందట.

"నానేటి సేసీదప్పా? ఊపిరికి కొలతపాత్ర నా సేతికిచ్చేసినారు," అంది.

వానాకాలం, 22వ రోజు

పటం వచ్చింది. స్టేషన్ మాస్టరు తెప్పించిన ఫారం నింపి పంపాను, దానికి జవాబిది. దళసరి కాగితం, నాలుగు ముద్రలు. పైన పెద్ద అక్షరాలతో "పైనుంచి చూసిన బోర్డు పటం" అని రాసి ఉంది. మచ్చలు లెక్కపెట్టాను. నలభై మూడు. వెడల్పులు, ఎడాలు అన్నీ ఇచ్చారు. కింద ఒక హెచ్చరిక: "ఈ పటంలోని కొలతలను వేరుగా కొలిచి సరిచూచుట నిషేధము."

మధ్యాహ్నానికి బోర్డు గీశాను. చీకటి పడేలోగా రాగి తినే ద్రావకంలో ముంచి తీశాను. మచ్చలు కొత్త నాణేల్లా మెరుస్తున్నాయి. చిలకమ్మకి కబురు పంపాను, మొదటి పెట్టె బుద్రిదే అని.

వానాకాలం, 23వ రోజు

చిప్పు కాలిపోయింది.

పొద్దున్నే సోల్డరు పూసి, చిప్పుని పీట మీద పెట్టి, వేడిగాలితో అతికించాను. పైనుంచి చూస్తే చక్కగానే కూర్చుంది, పొట్ట కింది అతుకులు కంటికి కనబడవు. కరెంటు ఇచ్చిన రెండు క్షణాలకి నడుమ నుంచి సన్నటి పొగ లేచింది. వాసన గదంతా నిండింది.

అప్పుడు బుద్రి చెప్పిన పని చేశాను. ఇంకో చిప్పుని తిరగేసి, భాండాగారం పటం పక్కన పెట్టి చూశాను. చిప్పు పొట్ట మీద మూలమట్టం పొట్టిచెయ్యి ఎటు తిరిగి ఉందో, పటంలోనూ అటే తిరిగి ఉంది. అంటే వాళ్లు పంపింది పైనుంచి చూసిన పటం కాదు. చిప్పుని వెల్లకిలా పడుకోబెట్టి, పొట్టవైపు నుంచి చూసి గీసిన పటం.

ఇది చదివే అధికారికి తెలియకపోవచ్చు కాబట్టి రాస్తున్నాను. రబ్బరు స్టాంపు మీద అక్షరాలు తిరగబడి ఉంటాయి, కాగితం మీద వేస్తేనే సరిగా పడతాయి. చిప్పు పొట్ట స్టాంపు, బోర్డు కాగితం. స్టాంపుని చూసి ఉన్నదున్నట్టు బోర్డు మీద గీస్తే ఎడమ కాళ్లన్నీ కుడి మచ్చల మీద పడతాయి. కరెంటు రావలసిన కాలు నేలకి, అంటే ఎర్త్‌కి, నేలకి పోవలసిన కాలు కరెంటుకి అతుక్కుంటాయి. నాలుగు ముద్రలు వేసినవాళ్లలో ఒక్కరూ ఇది చూడలేదు.

నేనూ చూడలేదు. ఇరవై ఆరేళ్లుగా ఈ పని చేస్తున్నదాన్ని, చిప్పుని ఒక్కసారి తిప్పి పటం పక్కన పెట్టి చూసి ఉంటే తెలిసేది. తొందరలో ఉన్నాను. పైన రాసిన మాటని నమ్మాను. ఈ తప్పులో నా వాటా నేను తీసుకుంటాను. మిగతా వాటా ఎవరు తీసుకుంటారో భాండాగారం చెప్పాలి.

వానాకాలం, 24వ రోజు

కొర్రా బుద్రి చనిపోయింది. పగలు పదకొండు గంటలకి, గోడకి ఆనుకుని కూర్చునే. ఆమె వంతు పన్నెండింటికి.

చిలకమ్మ వచ్చి చెప్పింది. నా బల్ల దగ్గర నిలబడి, కాలిన బోర్డుని వేలితో తాకింది.

"మొన్న రేతిరి దానికి సెప్పినానప్పా, రేపు నీ పెట్టి వత్తాదని. తల దువ్వుకుంది."

నేను లేచి బీరువా తాళం తీసి వెర్నియర్ బయటికి తీశాను. చిలకమ్మ తలుపు వెయ్యబోయింది. వద్దన్నాను. తలుపు తీసే ఉంచాను. దొంగతనమైతే తలుపు వేసుకుని చేస్తారు.

వానాకాలం, 26వ రోజు

రెండు రోజులు కొలిచాను. దాచకుండా రాస్తున్నాను.

ముందు ఎడమా కుడీ తేల్చుకోవాలి. చిలకమ్మ కాటుక డబ్బీ తెచ్చింది. చిప్పు పొట్టకి కాటుక పలచగా రాసి, తెల్లకాగితం మీద ఒక్క అద్దు అద్దాను. నలభై మూడు మచ్చలూ పడ్డాయి. కాగితం మీద పడ్డ అచ్చే పీట. తిరగేసే పని లేదు, తికమక లేదు. పసిపిల్ల పాదాలకి పారాణి రాసి అచ్చు తీసినట్టే ఉంది. ఇంత చిన్న పనికి నాలుగు ముద్రలు, పదహారు రోజులు, ఒక మనిషి ప్రాణం.

కాటుక కాస్త పారుతుంది కాబట్టి కొలతలు చిప్పు మీదే తీశాను. ఒక కాలికీ దాని పక్క కాలికీ మధ్య దూరం కొలిచి పదమూడుతో హెచ్చిస్తే చిన్న తప్పు పదమూడింతలవుతుంది. అందుకని మొదటి కాలి నుంచి చివరి కాలి దాకా ఒక్కసారి కొలిచి పదమూడుతో భాగించాను. ఎడమవైపు కచ్చితంగా అర మిల్లీమీటరు వచ్చింది. కుడివైపు అలా రాలేదు. నాలుగుసార్లు కొలిచాను. కుడివైపు ఎడం కాస్త ఎక్కువ. భాండాగారం పటంలో రెండు పక్కలకీ అర మిల్లీమీటరే ఉంది. కంటికి రెండు పక్కలూ ఒకేలా కనిపిస్తాయి. ఎవరు తయారుచేశారో గాని, రెండు పక్కలకి రెండు కొలతలు పెట్టారు. కారణం నాకు తెలియదు. తెలిసినవాళ్లు నీళ్లకింద ఉన్నారు.

వానాకాలం, 28వ రోజు

పెట్టె ఊపిరి పీల్చింది.

కరెంటు ఇచ్చి, పొగ కోసం చూస్తూ నిలబడ్డాను. రాలేదు. కవాటం ఒకటి టక్కుమంది, తరవాత రెండోది. ఆ తరవాత రెండూ వంతులేసుకుని కొట్టుకున్నాయి. ఎండాకాలంలో ఆగిన పెట్టెకీ అదే పీటతో ఇంకో బోర్డు చేశాను. సాయంత్రానికి రెండూ ఆసుపత్రికి చేరాయి. నాలుగు పెట్టెలు, అయిదుగురు మనుషులు. వంతుల చీటీలో ఆరో పేరుని చిలకమ్మ కొట్టెయ్యలేదు, అలాగే ఉంచింది.

సుకురు గొట్టం పెట్టుకుని గంటసేపు పీల్చాక నన్ను పిలిచాడు.

"బుద్రప్పకి రావలసినదిది. నాను పీలుత్తన్నాను."

"నువ్వు పీల్చు," అన్నాను.

వానాకాలం, 35వ రోజు

తనిఖీ అధికారి తాళ్లూరి ప్రభంజనరావు గారు వచ్చారు. ఈ పుస్తకం చదివారు. 26వ రోజు దగ్గర చాలాసేపు ఆగారు.

"అమ్మా, మీరు కొలిచినట్టు మీరే రాసుకున్నారు," అన్నారు.

"అవును."

"రాయకుండా ఉంటే నేను చూసీ చూడనట్టు వెళ్లిపోయేవాణ్ని."

ఆయన మంచిగానే అన్నారు. ఆ మంచితనం చూసి నాకు ఇంకా మండింది. తప్పుడు పటం పంపినవాళ్లు రాతపూర్వకంగా, ముద్రలేసి పంపవచ్చు. సరైన పటం గీసినదాన్ని మాత్రం నోరు మూసుకుని బతకాలి.

విచారణ అయిదు రోజుల తరవాత, తాడుబండి స్టేషన్ మేడగదిలో.

వానాకాలం, 40వ రోజు

గదిలో ప్రభంజనరావు గారు, రాసుకోవడానికి ఒక గుమాస్తా, నేను, చిలకమ్మ. నా వెనక బెంచీ మీద సుకురు. ఒడిలో ఊపిరిపెట్టె, ముక్కుకి గొట్టం. రావద్దన్నా వినలేదు. డోలీలో తెచ్చారు.

అధికారి నిబంధనలు చదివారు. చిప్పుల పీటలన్నీ భాండాగారం సొత్తు. కొలవడం ఒక నేరం, ఆ కొలతతో బోర్డు చెయ్యడం రెండో నేరం.

"ఒక్క మాట అడగనా?" అన్నాను. "నేను గీసిన పటం మీ సొత్తంటున్నారు. మీ దగ్గరున్న పటంలో ఎడమ కుడి, కుడి ఎడమ. నా పటం అలా లేదు. మరి నేను మీ దగ్గర దొంగిలించింది ఏమిటి? మీ దగ్గర లేనిదాన్ని ఎలా దొంగిలించాను?"

ఆయన కాగితాలు సర్దుకున్నారు.

"తప్పున్నా అది భాండాగారం పటమేనమ్మా. తప్పు సరిదిద్దమని దరఖాస్తు చెయ్యాలి. దానికో పద్ధతి ఉంది."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"తొంభై రోజులు."

"బుద్రి ఇరవై నాలుగో రోజున పోయింది."

"చదివాను. బాధగా ఉంది. కానీ నిబంధన..."

"ఈ చిప్పు దేనితో చేస్తారో తెలుసా మీకు? పలుగురాయితో. ఈ కొండల్లోంచి ఆ రాయి తవ్వి పంపింది బుద్రి. పంతొమ్మిదేళ్లు తవ్వింది. ఆమె తవ్విన రాయి చిప్పు అయింది, ఆమె మింగిన దుమ్ము జబ్బు అయింది. ఆ చిప్పు కాళ్లెక్కడున్నాయో చూడ్డానికి ఆమెకి హక్కు లేదు. తిరగేసి చూసుకోరాదా అని అడిగింది నన్ను. చూడకూడదని చెప్పాను. ఆ మాట అన్నందుకు నాకు ఏ శిక్షయినా వెయ్యండి, తీసుకుంటాను. కొలిచినందుకు వేస్తే మాత్రం ఒప్పుకోను."

వెనక నుంచి సుకురు మెల్లగా అన్నాడు.

"బావూ, ఈ పెట్టిలో బోర్డు తప్పుదంటన్నారు గదా. మరి తీసీండి. ఎవర్నో పంపొద్దు. మీ సేత్తోనే తీసీండి."

పెట్టెని రెండు చేతులా ముందుకి చాపాడు. కవాటాలు టక్కు టక్కుమంటున్నాయి. గుమాస్తా రాయడం ఆపేశాడు. అధికారి లేవలేదు. పెట్టెవైపు చూడలేదు. కిటికీలోంచి తాడుబండి తీగలవైపు చూశారు.

"పెట్టెలు ఆసుపత్రిలోనే ఉంటాయి," అన్నారు చివరికి.

తీర్పు అంతకంటే మెత్తగా రాలేదు. పక్షం చివరికి, అంటే 45వ రోజుకి, నా లైసెన్సు రద్దు. వర్క్‌షాపుకి సీలు. కాటుక అచ్చునీ, గీసిన పటాన్నీ అప్పగించాలి. వాటిని ఎవరికీ చూపకూడదు, ఇవ్వకూడదు, నకలు తియ్యకూడదు.

"ఆ అయిదు రోజులూ లాగ్ రాయాలా?" అని అడిగాను.

"రాయాలి. చేసిన పనంతా రాయాలి. పక్షానికోసారి ఎలాగూ అన్ని వర్క్‌షాపులకీ నకళ్లు పోతాయి."

"అందులో మీకు నచ్చనిది ఉంటే?"

"లాగ్‌లో అక్షరం కొట్టేసే అధికారం ఎవరికీ లేదమ్మా. భాండాగారానికి కూడా లేదు. దిద్దితే తనిఖీకి అర్థమేముంది?" అంటూనే ఆయన ఆగి, నావైపు చూశారు. నేనూ చూశాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "విచారణ ముగిసింది," అన్నారు.

వానాకాలం, 45వ రోజు

పటాలు అప్పగించాను. రసీదు తీసుకున్నాను. ఇక నేను చేసిన పని రాస్తున్నాను, రాయమన్నారు కాబట్టి.

చిప్పు పొడవు ఎనిమిది మిల్లీమీటర్లు, వెడల్పు ఆరు. బోర్డుని పైనుంచి చూస్తున్నట్టుగా, పది మచ్చల చివర పైకి ఉండేలా పెట్టుకోండి. ఎడమన పద్నాలుగు మచ్చలు, ఒక్కోదాని నడుమ నుంచి పక్కదాని నడుమకి 0.5. కుడిన పద్నాలుగు, 0.55. పై చివర పది, 0.5. కింది చివర వెడల్పువి నాలుగు, 1.2. సన్న మచ్చలు 0.25 వెడల్పు, 0.8 పొడవు. వెడల్పువి 0.7, పొడవు సన్నవాటంతే, 0.8. మధ్యన మూలమట్టం: పొడుగుచెయ్యి ఎడమ పక్కన నిలువుగా, 4.6 పొడవు. పొట్టిచెయ్యి దాని కింది కొస నుంచి కుడివైపుకి, 2.8 పొడవు. పొడుగుచెయ్యి వెడల్పు 1.4, పొట్టిచెయ్యిది 1.2. ఒకటో కాలు ఎడమన అన్నిటికంటే పైది. అక్కడి నుంచి ఎడమ పక్కనే కిందికి దిగి, చుట్టూ తిరిగి లెక్కపెట్టాలి. మూలమట్టం నలభై మూడోది.

కొలిచింది గొర్లె సూరీడమ్మ, మెట్టగూడ. అడిగింది కొర్రా బుద్రి.

వానాకాలం, 71వ రోజు

ఇది లాగ్ పుస్తకం కాదు, మామూలు నోటుబుక్కు. వర్క్‌షాపు తలుపుకి సీలుంది. ఆసుపత్రి వసారాలో కూర్చుని రాస్తున్నాను.

నకళ్లు పోయాయి. ఆపడానికి భాండాగారం రెండు ఉత్తర్వులు పంపిందట. ఒకటి సాధారణ విభాగం నుంచి, ఒకటి అసాధారణ విభాగం నుంచి. ఒకదాంతో ఒకటి పొసగక రెండూ ఆగిపోయాయని స్టేషన్ మాస్టరు చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. అదే తీరు ఇరవై నాలుగో రోజున బుద్రిని చంపింది.

ఇవాళ తాడుబండిలో నాకో ఉత్తరం వచ్చింది. దేవగిరి మెట్ట వర్క్‌షాపు నుంచి, ఈతా బంగారయ్య అనే ఆయన రాశాడు. ఆయన్ని నేనెరగను.

"సూరీడమ్మ గారికి నమస్కారం. మీ లాగ్ చదివాను. మా దగ్గరా అలాంటి చిప్పులు రెండున్నాయి. పీటకి దారి లేక నాలుగేళ్లుగా డబ్బాలో పడి ఉన్నాయి. మీ కొలతలు సరిచూశాను. అన్నీ సరిపోయాయి. మూలమట్టం పొట్టిచెయ్యి వెడల్పు మాత్రం మీరు 1.2 అన్నారు, నాకు రెండింటిలోనూ 1.1 వచ్చింది. నా వెర్నియర్ పాతది, తప్పు నాదే కావచ్చు. ఒక్కసారి చూడగలరా? ఇక్కడ పెట్టెల కోసం ఏడుగురున్నారు."

చిప్పులు ఆసుపత్రి పెట్టెలకని కేటాయించినవి కాబట్టి, తలుపుకి సీలు పడకముందే మిగిలిన రెండింటినీ చిలకమ్మ తీసుకెళ్లి తన దగ్గరే పెట్టుకుంది. ఒకటి తెచ్చి నా అరచేతిలో పెట్టింది. బడి పంతులమ్మని అడిగి వెర్నియర్ తెప్పించుకున్నాను. ఎండ పడే చోట కూర్చుని మూడుసార్లు కొలిచాను.

1.1. ఆయన చెప్పిందే సరి. కాటుక పూర్తిగా తుడవకుండా కొలిచినట్టున్నాను.

తప్పు నాదేనని, సరిదిద్దుకున్నానని రాసి, కొలిచిన తేదీ వేసి, ఉత్తరం తిరుగు బండికే ఇచ్చాను. దాన్ని అతికించకుండా తెరిచే పంపాను. దారిలో ఎవరైనా చదువుకోవచ్చు.